బొటనవేలు కేసు

ఒక మనిషికి మరో మనిషి మీద ప్రేమ ఉందా, ఉంటే ఎంత అన్న ప్రశ్న వేల ఏళ్లుగా తేలక నానుతూ వచ్చి, చివరికి అరవై నలుగురు సభ్యులున్న "మనవాళ్లు" అనే కుటుంబ గ్రూపులో శాశ్వతంగా పరిష్కారమైంది. పరిష్కరించినవారు చిన్నాన్న. ఆయన తూనికలు కొలతల శాఖలో ముప్పై రెండేళ్లు ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ తర్వాత చేతిలో తూకం రాయి లేక కొంతకాలం దిగులుపడ్డారు. గ్రూపు అడ్మిన్ పదవి దక్కాక ఆ దిగులు తీరింది, మిగతావాళ్లకు మొదలైంది.

చిన్నాన్న నిబంధనల ప్రకారం కష్టం కబురు అందిన రెండు గంటల్లోగా ప్రతి సభ్యుడూ స్పందించాలి. తోబుట్టువులైతే మూడు ఏడుపు ముఖాలు, పినతల్లి, మేనమామ బిడ్డలైతే రెండు, అల్లుళ్లూ కోడళ్లూ అయితే ఒకటి. అంతకు మించితే అతిశయం కింద లెక్క. (ఒక అల్లుడు అత్తగారి జ్వరానికి ఏడు పెట్టి, ఈనాటికీ ఆవిడ అనుమానపు చూపులు మోస్తున్నాడు.) పెళ్లి పందిరి ఎక్కడ, బస్సు ఎన్నింటికి లాంటి సమాచారానికి తప్ప బొటనవేలు వాడరాదు.

ఈ బొటనవేలి దగ్గరే కళ్లజోడు దెబ్బతిన్నాడు. కళ్లజోడు అంటే చిన్నాన్న అన్నగారి కొడుకు. బజారులో కళ్లజోళ్ల దుకాణం నడుపుతాడు కాబట్టి ఇంటిల్లిపాదికీ అతని పేరు అదే అయిపోయింది. అద్దాలు అరగదీసే కార్ఖానా నుంచి రోజుకు పాతిక మెసేజ్‌లు వస్తాయి. అద్దం పగిలింది, ఫ్రేమ్ విరిగింది, రేపు పంపుతాం. అన్నింటికీ అతను చూడకుండానే బొటనవేలు పెడతాడు. ఆ వ్యాపారంలో దానికి "అందింది" అని అర్థం. ఆ రోజు సొంత జోడు నుదుటి మీదికి నెట్టుకుని, ఒకావిడ ఫ్రేముకు మర బిగిస్తున్నాడు. ఫోన్ మోగింది. మసక మసకగా "విరిగింది" అన్న ముక్క కనిపించింది. బొటనవేలు పెట్టేసి మర బిగించడంలో పడ్డాడు.

విరిగింది అతని అక్కయ్య కుడి కాలు. మెట్ల మీద జారిందనీ, కట్టు వేశారనీ బావగారు గ్రూపులో పెట్టారు. దాని కింద యాభై ఏడుపు ముఖాల నడుమ తమ్ముడి బొటనవేలు నిటారుగా నిలబడింది. అక్కయ్య ఒకే ఒక్క మాట రాసింది: "సంతోషం."

తల్లి పోయాక అతన్ని పెంచింది ఆ అక్కయ్యే. కుట్టుమిషను తొక్కి తొక్కి చదివించింది. ఆమె మొట్టమొదట కుట్టిన చొక్కా అతనిదే. ఒక చెయ్యి పొట్టి, ఒక చెయ్యి పొడుగు. అలాంటి అక్కయ్య "సంతోషం" అనేసరికి అతని గుండె చెరువైంది. వెంటనే వేలు తీసేశాడు. అప్పటికే చిన్నాన్న స్క్రీన్‌షాట్ తీసి భద్రపరిచి, విచారణ సంఘం ప్రకటించారు.

"రెండు వీధులే కదండీ, వెళ్లి చూసి రండి" అంది భార్య.

విచారణ నడుస్తుండగా బాధితురాలిని కలవడం పద్నాలుగో నిబంధనకు విరుద్ధమని అతను ఓపిగ్గా వివరించాడు. ఫోన్ చేస్తే ప్రలోభపెట్టడం కిందికి వస్తుందన్నాడు. మీ ఇంట్లో అందరూ ఇంతేనా, మీరొక్కరేనా అని ఆమె అడిగింది. అందరూ అరవై నలుగురం అని అతను నిజాయితీగా జవాబిచ్చాడు.

సంజాయిషీ ఒక్క నిమిషం మించని వాయిస్ మెసేజ్‌గా ఇవ్వాలన్నారు. కార్ఖానా, మర, నుదుటి మీది జోడు అన్నీ యాభై తొమ్మిది సెకన్లలో చెప్పాడు. దాన్ని ఎవరూ వినలేదు గాని ఇరవై రెండు బొటనవేళ్లు వచ్చాయి. అవి క్షమించామనా, అందిందనా, కాలు విరిగినందుకా అన్నది తేల్చడానికి చిన్నాన్న ఒక ఉపసంఘం వేశారు. (దానికి పిన్ని అధ్యక్షురాలు. ఆవిడ గ్రూపును మ్యూట్‌లో పెట్టి ఏడాదైంది, తను అధ్యక్షురాలన్న సంగతి ఆవిడకు ఇంకా తెలియదు.)

ఇలా పదహారు రోజులు గడిచాయి. పదిహేడో రోజున దుకాణానికి ఒక ముసలావిడ వచ్చింది. అతను ఆవిడ ముక్కు మీద పరీక్ష ఫ్రేము పెట్టి, అద్దాలు మారుస్తూ, ఇది బాగుందా అది బాగుందా అని అడుగుతున్నాడు.

"మీ అక్కయ్య మిషను అమ్మేస్తోందట కదా నాయనా" అంది ఆవిడ. "ఇక తొక్కలేననుకుంటోంది పాపం. నా జాకెట్లు ఎవరు కుడతారో ఏమో."

అతను ఆవిడను కదలొద్దని చెప్పి, అద్దం చేతిలో పట్టుకునే వీధిలోకి వచ్చాడు. పద్నాలుగో నిబంధన గుర్తు రాలేదు.

అక్కయ్య కట్టు కాలు ముక్కాలి పీట మీద పెట్టుకుని, మంచం మీద కూర్చుని బొత్తాలు కుడుతోంది. అతన్ని చూసి సూది ఆపింది.

"గ్రూపులో చెప్పి వచ్చావా?"

"లేదక్కా."

"అయితే కూర్చో."

అతను నేల మీదే కూర్చుని, కార్ఖానా, మర అంటూ మొదలుపెట్టాడు. అక్కయ్య చేత్తో వారించింది.

"వేలు చూసి కాదురా నా కోపం. నీ తొందర నాకు తెలియదూ. ఈ రెండు వీధులు నడవడానికి నీకు పదిహేడు రోజులు పట్టింది."

అతనికి ఏడుపొచ్చింది. లెక్కపెట్టేవారెవరూ లేనందున నిబంధనను ఏ మేరకు మించాడో తెలియరాలేదు. అక్కయ్య చీర కొంగుతో అతని జోడు తుడిచి పెట్టింది. మిషను అమ్మనివ్వనని అతనన్నాడు. ముందు ఆ అద్దం ఎవరిదో ఇచ్చి రమ్మని ఆమె అంది.

బావగారు ఆనందం పట్టలేక, తమ్ముడు వచ్చాడని గ్రూపులో పెట్టారు. పది నిమిషాల్లో తీర్పు వచ్చింది. విచారణ పెండింగులో ఉండగా, అనుమతి లేకుండా, స్వయంగా, కాళ్లతో నడిచి వెళ్లి పరామర్శించినందుకు కళ్లజోడును నెల రోజుల పాటు గ్రూపు నుంచి తొలగించారు.

గ్రూపులో లేనివాడికి కబుర్లు తెలిసే దారి వేరే లేదు కాబట్టి, ఆ నెలంతా అతను రోజూ దుకాణం మూసి అక్కయ్య ఇంటికి వెళ్లాడు. కట్టు విప్పిన రోజు పక్కనే ఉన్నాడు. ఎడమ కాలితో మిషను తొక్కడం ఆమెకు అలవాటయ్యేదాకా, చక్రం తను తిప్పుతూ, కుట్టు వంకర పోయిందని తిట్లు తిన్నాడు. ఇద్దరూ తల్లి గురించి చాలా ఏళ్ల తర్వాత మాట్లాడుకున్నారు. అతను అంత సుఖంగా ఉండడం భార్య పెళ్లైన కొత్తలో కూడా చూడలేదట.

నెల తిరగ్గానే చిన్నాన్న అతన్ని మళ్లీ చేర్చుకున్నారు. నలభై ఒక్క మంది చప్పట్లు కొట్టారు. వాళ్లందరికీ పేరుపేరునా ధన్యవాదాలు చెప్పడంలో మొదటి సాయంత్రం గడిచిపోయింది. పెండింగులో ఉన్న పుట్టినరోజులు, పరీక్ష ఫలితాలు, పంటి నొప్పులు చూసుకునేసరికి వారం గడిచింది. ఆ తర్వాత రెండు నెలలు గడిచాయి.

మీ అక్కయ్య ఇప్పుడు కుడి కాలు ఆనించి నడుస్తోందా అని దుకాణంలో ఎవరైనా అడిగితే, అతను ఫోన్ తీసి ఒకసారి పైకీ కిందికీ జరిపి చూసి, గ్రూపులో ఇంకా రాలేదండీ అంటున్నాడు.