అరవైకి అరవై

ఆ ఉదయం ఇంట్లో వేసుకున్న పథకంలో ఎక్కడా మెలిక లేదు. కోడలు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి, కొంతకాలంగా తనను కుదురుగా ఉండనివ్వని దవడ పన్ను పీకించుకుని వస్తుంది. ఆ పూటకు ఆమె చెప్పే చిన్నపిల్లల తరగతిని మామగారు చూసుకుంటారు. మామగారు డిగ్రీ కాలేజీలో లెక్కల లెక్చరర్‌గా చేసి రిటైరైన మనిషి. కలన గణితం చెప్పినవాడికి ఒకట్లూ రెండ్లూ చెప్పడం కూడా ఒక పనేనా అని ఆయన పైకి అనలేదు గాని, బూట్లు తుడుచుకుంటున్న తీరులో ఆ మాట స్పష్టంగా వినిపించింది.

కోడలు వాచిన చెంపను అరచేత్తో అదిమిపట్టుకుని ఆయనకు ఒక సంచీ అందించింది. అందులో దారాలు కట్టిన పన్నెండు అట్టముక్కలున్నాయి. వాటి మీద సున్నా నుంచి పది వరకు అంకెలున్నాయి. ఐదు మాత్రం రెండు సార్లు ఉంది. పిల్లలు తలా ఒకటి మెడలో వేసుకుని గదంతా తిరుగుతారు. చప్పట్లు వినబడగానే, ఎవరితో కలిస్తే తాము పది అవుతారో వాళ్లను వెతికి పట్టుకోవాలి. ఏడుకు మూడు, ఆరుకు నాలుగు అన్నమాట. కుదిరిన జంట చేయీ చేయీ పట్టుకుని, గది మధ్యనున్న పెద్ద అట్టపెట్టెలోకి ఒక గుమ్మంలోంచి దూరి ఇంకో గుమ్మంలోంచి బయటికి రావాలి. ఫ్రిజ్ వచ్చిన ఆ పెట్టెకు కిటికీలు కోసి, గుడ్డ తలుపులు కట్టి, కోడలు దానికి ‘పదిగారి ఇల్లు’ అని పేరు పెట్టింది.

హెడ్ మేడంకు ఈ ఆటల మీద మొదటి నుంచీ గురి లేదు. పలక మీద రాయించాల్సిన పిల్లల్ని గంతులేయించడమేమిటన్నది ఆవిడ ప్రశ్న. ఆ మధ్యాహ్నం తల్లిదండ్రులు వచ్చి పిల్లల్ని తీసుకెళ్లేసరికి తరగతి ఒద్దికగా కనిపిస్తే ఆటల పీరియడ్ ఉంటుందనీ, గందరగోళంగా కనిపిస్తే మర్నాటి నుంచి పలక మీద రాతే ఉంటుందనీ ఆవిడ తేల్చి చెప్పేసింది. సెలవులన్నీ అట్టలు కత్తిరించడంలో గడిపిన కోడలికి అది చిన్న సంగతి కాదు. ఆ అట్టల్ని భోజనాల బల్ల మీద చూసినప్పుడల్లా మామగారు ఏదో ఒక చురక వేయకుండా అన్నం ముగించింది లేదు.

"మామయ్యగారూ, మీరు దీన్ని నమ్మక్కర్లేదు," అంది కోడలు గుమ్మంలో నిలబడి. "చెడగొట్టకుండా ఉంటే చాలు."

ఆయన కొంచెం నొచ్చుకుని, ఇరవయ్యేళ్ల కుర్రాళ్లనే దారిలో పెట్టినవాణ్ణి, ఐదేళ్లవాళ్లు ఒక లెక్కా అని అభయమిచ్చి బయల్దేరారు.

తరగతిలో ఆయనకు ఎదురైన మొదటి ఇబ్బంది, ఆట నియమాలు వదులుగా ఉండడం. నిర్వచనం లేని మాటను నల్లబల్ల మీద రాయనివ్వని మనిషి ఆయన. జంట కుదిరాక చేతులు పట్టుకోవాలని చెప్పగానే ఒక పిల్ల లేచి, ఎప్పటిదాకా అని అడిగింది. ప్రశ్న న్యాయమైనదే.

"నేను వదలమనేదాకా."

"మా అమ్మ వదలమంటే?"

"అమ్మ చెప్పినా సరే, వదలకూడదు."

"హెడ్ మేడం చెబితే?"

"ఆవిడైనా సరే."

"పోలీసులు వస్తే, తాతా?"

"పోలీసులైనా సరే. నేను చెప్పాలి. ఇంకెవరు చెప్పినా చెల్లదు."

మినహాయింపులకు ఎక్కడా సందు లేకుండా నియమం బిగుసుకున్నందుకు ఆయన లోలోపల సంతోషించారు. తర్వాత చప్పట్లు కొట్టారు.

జరిగినది ఆయన ఊహించినది కాదు. పిల్లలు ఒకరి మెడలో అట్ట ఒకరు చూసుకుంటూ, వేళ్లు ముడుస్తూ, తెరుస్తూ, కాసేపటికే జంటలు వెతుక్కోసాగారు. మూడు ఏడును చూసి, తప్పిపోయిన తోబుట్టువు దొరికినట్టు మీద పడింది. ఒక ఐదు తన జత కోసం గదంతా గాలించి, తనలాంటి ఐదే తన జతని తెలుసుకుని ఆశ్చర్యంతో నోరు తెరిచింది. కాలేజీలో అంతకాలం చెప్పినా అలాంటి నోరు ఒక్కటీ ఆయన చూడలేదు.

ఐదు జంటలు కుదిరాయి. మిగిలింది పదీ సున్నా. పది అట్ట ‘జడ్జిగారి’ మెడలో ఉంది. తోటిపిల్లల తగవులన్నీ తీర్పులిచ్చి పరిష్కరించడం వల్ల ఆ పిల్లకు ఆ పేరు వచ్చింది. సున్నా అట్ట బస్సు డ్రైవరు కొడుకుది; వాడు మాటకు ముందు కళ్లనీళ్లు పెట్టుకునే రకం. వాడు చెయ్యి చాపితే జడ్జిగారు చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నేను పదే కదా. నాకెవరూ అక్కర్లేదు."

వాదనలో ఎక్కడా లోపం లేదు. సరైన వాదనను కాదనడం లెక్చరర్ గారికి జీవితంలో చేతకాలేదు, కాబట్టి ఒప్పుకున్నారు. సున్నా పెదవి వణకడం మొదలైంది. ఆయన కంగారుపడి వాణ్ణి అట్ట ఇంట్లో కూర్చోబెట్టి, సున్నా అంటే మాటలు కాదనీ, ఇల్లు కాపలా కాయాల్సింది అదేననీ, పది వచ్చి చెయ్యి పట్టుకునేదాకా కదలకుండా, మాట్లాడకుండా ఉండాలనీ బుజ్జగించారు. వాడు కళ్లు తుడుచుకుని తల ఊపాడు. ఈలోగా నాలుగూ ఆరూ తాము ఎన్నిసార్లు ఇంట్లో దూరామో చెప్పడానికి ఆయన చొక్కా లాగసాగాయి.

అప్పుడు గంట కొట్టారు.

గంట విన్న లెక్చరర్ ఏం చేస్తాడు? చేతికున్న సుద్దపొడి దులుపుకుని, కళ్లజోడు పెట్టెలో పెట్టుకుని, గదిలోంచి బయటికి నడుస్తాడు. సర్వీసంతా చేసిన పనిని కాళ్లు వాటంతటవే చేశాయి. చిన్నపిల్లల టీచరు గంట కొట్టాక గది వదలదని, ప్రతి పిల్లనూ ఇంటివాళ్ల చేతికి అప్పగించాకే కదులుతుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు; అది ఎవరైనా చెప్పాల్సిన సంగతి అని ఎవరికీ తోచలేదు. తరగతిలోకి వెళ్లే ముందు ఫోను ఆపేయడం కూడా ఆయనకు పాత అలవాటే. రెండు వీధుల అవతలి సెలూన్‌లో కుర్చీ ఖాళీగా కనిపిస్తే, ప్రశాంతంగా వెళ్లి గడ్డం కింద తువ్వాలు కట్టించుకున్నారు.

ఒక చెంప గీయడం పూర్తయ్యేసరికి అద్దంలో వీధి కనిపించింది. వీధిలో టైలరు తన కొడుకును చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. ఆ కొడుకే ఆటలో ఏడు; వాడి రెండో చేతిని మూడు పట్టుకుని ఉంది. లెక్చరర్ గారికి ముచ్చటేసింది. పాఠం వీధిలోకి కూడా వచ్చిందంటే ఆటలో ఏదో ఉందని, ఈ సంగతి రాత్రి భోజనాల దగ్గర కోడలితో ఒప్పుకుంటే తప్పేమీ లేదని ఆయన ఆలోచిస్తుండగా, వాళ్ల వెనకే మూడు తాలూకు అమ్మ పరుగెత్తుకొచ్చింది. ఆవిడ నర్సు, డ్యూటీ దుస్తుల్లోనే ఉంది. తన పిల్లను తనకిచ్చేయమని ఆవిడా, ఇస్తే తీసుకోమని టైలరూ నడివీధిలో బతిమాలుకుంటున్నారు. చేతులు విడదీయబోతే ఇద్దరు పిల్లలూ వీధి దద్దరిల్లేలా ఏడుపు లంకించుకుంటున్నారు.

అప్పుడు స్కూలు ఆయా రొప్పుతూ వచ్చి సెలూన్ గుమ్మం పట్టుకుంది.

"సారూ, మీరు చెబితే గాని వదలరట. మేడంగారి మాట కూడా చెల్లదట. ఒక్కసారి రండి."

సగం గడ్డంతో, చెంప మీద నురగతో లెక్చరర్ గారు లేచారు.

స్కూల్లో పరిస్థితి ఆయన భయపడినదానికంటే ఘోరంగా ఉంది. తొమ్మిది తాతగారు ఒకటిని కూడా వెంటపెట్టుకుని బస్సెక్కబోయి దిగివచ్చారు. రెండు ఇంటివాళ్లూ ఎనిమిది ఇంటివాళ్లూ చెరో వైపూ లాగి అలిసిపోయి, ఒకే బల్ల మీద కూర్చుని చుట్టరికాలు కలుపుకుంటున్నారు. హెడ్ మేడం గది మధ్యలో నిలబడిపోయింది. అంతమంది నిలబడడానికి చోటు కావాలని ఆయా అట్ట ఇంటిని ఎప్పుడో మూలకు తోసేసింది. ఉత్త అట్టపెట్టె ఇవాళ ఇంత బరువుందేమిటా అని అనుకుంది గాని, ఆ గోలలో అంతకు మించి ఆలోచించలేదు.

టైలరూ నర్సూ కూడా తిరిగివచ్చాక, లెక్చరర్ గారు వెంటనే వదలమని చెప్పలేదు. ముందు అందరూ ఉన్నారో లేదో సరిచూడాలి. పిల్లలు గిరగిర తిరుగుతుంటే తలలు లెక్కపెట్టడం కుదరదు. అది శాస్త్రీయమైన పద్ధతి కూడా కాదు. మెడలో అంకెలున్నాయి, వాటి మొత్తం అరవై అని ఆయనకు తెలుసు. జంటకు పది చొప్పున ఐదు జంటలు యాభై. బల్ల మీద కాళ్లూపుకుంటూ కూర్చున్న జడ్జిగారు పది. అరవైకి అరవై సరిపోయింది.

"వదలండి," అన్నారు ఆయన.

పది చేతులు ఒక్కసారి విడిపోయాయి. గదంతా ఊపిరి పీల్చుకుంది. ఎవరి పిల్లల్ని వాళ్లు తీసుకుని తల్లిదండ్రులు నవ్వుకుంటూ బయటపడ్డారు. పోతూ పోతూ టైలరు, వీడు దారంతా ఏడుకు మూడు, ఏడుకు మూడు అంటూనే ఉన్నాడని, తనకు ఈ లెక్క రావడానికి రెండేళ్లు పట్టిందని హెడ్ మేడంతో చెప్పాడు. ఆవిడ ముఖం కొంచెం మెత్తబడింది. లెక్చరర్ గారు చెంప మీద ఆరిపోయిన నురగను రుమాలుతో తుడుచుకున్నారు.

సరిగ్గా అప్పుడే బస్సు డ్రైవరు వచ్చాడు. ట్రిప్పు ఆలస్యమైందని క్షమాపణ చెప్పుకుని, మా వాడేడీ అన్నాడు.

"అందరూ వెళ్లారండీ, లెక్క సరిపోయింది," అన్నారు లెక్చరర్ గారు. "అరవై."

"అరవై ఏమిటి మాష్టారూ?" అంది హెడ్ మేడం. "పిల్లలు పన్నెండు మంది."

సున్నా ఉన్నా అరవై, లేకపోయినా అరవై. ఈ సంగతి ఆయన కొన్ని వేల మందికి పాఠంగా చెప్పి ఉంటారు.

ఆయా సెలూన్‌కు పరుగెత్తినప్పుడు గేటు తెరిచే ఉందన్న మాట ఎవరో గుర్తుచేసేసరికి అందరూ తలో దిక్కుకు పరుగెత్తారు. నీళ్ల గది చూశారు, మెట్ల కింద చూశారు, పేరు పెట్టి కేకలు వేస్తూ వీధి చివరిదాకా వెళ్లివచ్చారు. జవాబు లేదు. డ్రైవరు చేతిలో టోపీని మెలితిప్పుతూ రోడ్డు మీద పోయే ప్రతి బండినీ చూస్తున్నాడు. తిట్టినా బాగుండునని లెక్చరర్ గారికి అనిపించింది.

ఆ సమయానికి కోడలు వచ్చింది. పన్ను ఊడిన చోట దూది కుక్కి, నోరు తెరవొద్దని డాక్టరు ఆజ్ఞాపించాడు. విషయం విని ఆమె తెల్లబోయింది. ఆ పిల్లవాడి మెడలో ఏ అంకె ఉందని తన మెడ తడుముకుని సైగతో అడిగింది. సున్నా అన్నారు మామగారు. ఆమె ఒక పిడికిలి బిగించి చూపింది. తర్వాత రెండు చేతుల వేళ్లూ పదీ విప్పి, కనుబొమలు ఎగరేసింది. సున్నా జతగాడేడని.

జతగాడు. పది వచ్చేదాకా కదలకు, మాట్లాడకు. లెక్చరర్ గారు మూలకు పరుగెత్తి, అట్ట ఇంటి కిటికీలోంచి తొంగిచూశారు. లోపల మోకాళ్లు ముడుచుకుని, చెమటతో, ఏడవకుండా, ఎంతో బాధ్యతగా కూర్చుని ఉన్నాడు సున్నా.

"బయటికి రా నాన్నా. అయిపోయింది."

వాడు అడ్డంగా తల ఊపాడు. కిటికీలోంచి తండ్రి పిలిచినా రాలేదు. నియమంలో అమ్మకూ, హెడ్ మేడంకూ, పోలీసులకూ లేని మినహాయింపు నాన్నకు మాత్రం ఎక్కడుంది? ఇంకా కాపలా డ్యూటీలో ఉన్నాడు కాబట్టి, నోటితో చెప్పకుండా పది వేళ్లు చూపించి ఊరుకున్నాడు.

అదృష్టవశాత్తూ జడ్జిగారు ఇంకా గేటు దగ్గరే ఉంది. వాళ్ల నాయనమ్మ జరిగినదంతా దారినపోయేవాళ్లకు మొదటి నుంచీ చెబుతోంది. లెక్చరర్ గారు వెళ్లి ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చున్నారు. జడ్జిగారు తీర్పు మార్చుకునే ధోరణిలో లేదు. తాను పదేనని, సున్నా అక్కర్లేదని, తాతే ఒప్పుకున్నాడని గుర్తుచేసింది.

ఆ పిల్ల మెడలో అట్ట ఇంకా వేలాడుతోంది.

"జడ్జిగారూ, మీ అట్ట చూసుకోండి. మొదట ఏముంది?"

"ఒకటి."

"దాని పక్కన?"

"సున్నా."

"ఆ సున్నా వెళ్లిపోతే?"

జడ్జిగారు బొటనవేలితో సున్నాను మూసి చూసుకుంది. వేలు తీసింది, మళ్లీ మూసింది. ఆ పూట ఒకటిగా ఉన్న పిల్లవాడు ఎంత బుల్లిగా ఉంటాడో, వాడికి పది కావడానికి ఎంత పెద్ద తొమ్మిది కావాల్సి వచ్చిందో గుర్తొచ్చినట్టుంది. నేరుగా గదిలోకి నడిచి, గుడ్డ తలుపు ఎత్తి చెయ్యి చాపింది.

సున్నా దర్జాగా ఆ చెయ్యి పట్టుకుని బయటికి వచ్చాడు. డ్రైవరు వాణ్ణి ఎత్తుకుని, వాడి చెమట ముఖాన్ని తన భుజానికి అదుముకున్నాడు. అయినా వాడు ఆ చెయ్యి మాత్రం వదలలేదు. తాత వదలమన్నాకే వదిలాడు. ఆయా గోడకు ఆనుకుని కూర్చుండిపోయి, అందుకేనా అంత బరువు అంటూ ఏడుస్తూ నవ్వింది. హెడ్ మేడం మంచినీళ్లు తాగి, గొంతు సవరించుకుని, ఆటల పీరియడ్ ఉంటుందని ప్రకటించింది. ఇంతమంది పెద్దవాళ్లు లాగినా విడిపోని లెక్కను పలక మీద తాను నేర్పలేనని ఒప్పుకుంది. మాష్టారు మళ్లీ వస్తే సంతోషమేననీ, గంట కొట్టాక మాత్రం గడప దాటకూడదనీ అంది.

ఇంటికి నడుస్తూ లెక్చరర్ గారు తేలికగా ఊపిరి తీసుకున్నారు. సంఖ్య వేరు, దాన్ని రాసే అంకె వేరు; పదిలోంచి సున్నా తీసేస్తే మిగిలేది పదే. ఆ రెంటినీ కలగలిపి, చూస్తూ చూస్తూ తాను జీవితంలో మొదటిసారి ఒక తప్పుడు నిరూపణ ఇచ్చాననీ, అది ఐదేళ్ల జడ్జి దగ్గర నెగ్గిందనీ ఆయనకు తెలుసు. పక్కనే నడుస్తున్న కోడలికీ తెలుసు. కానీ ఆమె నోట్లో దూది ఉంది.