అధ్యక్షులవారి పరిచయస్తుడు

మా హమాసుగి పేటలో మూత్రం ఆపుకోలేని ఇబ్బంది ఎవరికీ లేదని ఇందుమూలంగా తెలియజేయడమైనది. పేటలో సగం మంది డెబ్బై దాటినవాళ్లే. అయినా మా పరువు గట్టిది, శరీరాలు దాని మాట వింటాయి. మాట వినని శరీరం ఒకే ఒక్కటి ఉండేది. అది ఓరిబె కినుకో గారిది.

ఆవిడ రిటైరైన సంగీతం టీచరు. భర్త పోయాడు గానీ గొంతు పోలేదు. తన గుడ్డ డైపర్లనూ, వాటిమీద తొడుక్కునే నీరు కారని కవర్లనూ ఉతికి, వీధివైపు వెదురు దండెం మీద పాట పాడుతూ ఆరేసేది. నీలంది ఒకటి, లేత పసుపుది ఒకటి, ఎర్రపీతల బొమ్మలున్నది ఒకటి. రేవులోకి వచ్చే చేపల పడవల వాళ్లు ఆ పీతల్ని చూసి చేతులూపేవారు.

పేట సంఘం అధ్యక్షులు నుకాదా తెయిజో గారు దీన్ని సహించలేకపోయారు. వారు రేవు సుంకాల ఆఫీసులో పెద్ద పదవి చేసి దిగినవారు. అనుమతి లేకుండా ఏదైనా బయటికి రావడం వారికి మొదటినుంచీ గిట్టదు. "పేట సౌందర్యం దృష్ట్యా నడుము కింది భాగానికి చెందిన వస్త్రములను వీధివైపు ఆరవేయరాదు" అని ఉత్తర్వు వేయించారు. మేజోళ్లు కూడా నడుము కిందివే కదా అని ఓరిబె గారు అడిగారు. సంఘం ఒక సాయంత్రమంతా చర్చించి మేజోళ్లకు ప్రత్యేక మినహాయింపు ఇచ్చింది. ఆవిడ నవ్వుకుని దండెం పెరట్లోకి మార్చుకుంది. పేట అందంగా తయారైంది.

మరుసటి వసంతంలో అధ్యక్షులవారి శరీరం కూడా ఉత్తర్వులు ఖాతరు చేయడం మానేసింది. బస్సు కోసం నిలబడి ఒక్క తుమ్ము తుమ్మారు, అంతే. ఆ రోజునుంచి వేడినీటి బుగ్గలకు వెళ్లడం మానేశారు. స్నేహితుడింట్లో నల్లరాళ్లూ తెల్లరాళ్లతో ఆడే గో ఆట మానేశారు. "ప్రజాసేవ ఒత్తిడి" అని కారణం చెప్పారు. రెండు వాక్యాల్లో ముగుస్తున్న వారి ఉపన్యాసాలు విని, క్లుప్తతంటే ఇదీ అని మేం మెచ్చుకున్నాం. ఆ గో ఆట స్నేహితుడు పోయినప్పుడు కూడా పూలు పంపి ఊరుకున్నారు. ఆ పూట గది తలుపేసుకుని ఏడ్చారని భార్య ఫుసాయె గారు చాలా కాలం తరవాత చెప్పింది. మేం మాత్రం అప్పుడు, ఎంత నిబ్బరం అనుకున్నాం.

ఫుసాయె గారు పొరుగూరి కొట్టుకెళ్లి కవర్లు కొనుక్కొచ్చింది. భర్త తన నడుము పెళ్లినాటి కొలతలోనే ఉందని నొక్కి చెప్పడంతో అదే కొలత తెచ్చింది. తొడల దగ్గర కోసుకుపోయింది. అన్నింటికంటే పెద్దది తెస్తే సందుల్లోంచి కారిపోయింది. వాటిని సువాసన ద్రవంలో జాడించి, ఎవరి కంటా పడకుండా హీటరు మీద ఆరేస్తే, లోపలి పొర చేపపొలుసులా లేచింది. వానాకాలంలో బీరువాలో వేలాడదీస్తే బూజు పట్టింది. అధ్యక్షులవారికి తొడలు ఒరుసుకుపోయి, సభల్లో ఒక పక్కకు ఒరిగి కూర్చునేవారు. లోతైన ఆలోచన అని మేం అనుకునేవాళ్లం.

"ఏవండీ, ఇక నావల్ల కాదు. వెళ్లి ఓరిబె టీచరుని అడగండి," అంది ఫుసాయె గారు.

"అధ్యక్షుణ్ణి! నేను వెళ్లి ఆవిణ్ణి ఇలాంటివి అడగాలా?"

"వృద్ధుల గౌరవ దినం దగ్గరికొచ్చింది. వేదిక మీద పొడిగా ఉంటారా, తడిగా ఉంటారా? అదైనా తేల్చండి."

మర్నాడు అధ్యక్షులవారు తీపి బీన్సు మిఠాయి డబ్బా పట్టుకుని ఓరిబె గారి పెరటి గుమ్మం గుండా వెళ్లారు.

"నా పరిచయస్తుడొకాయనకి కాస్త ఇబ్బందిగా ఉంది," అన్నారు.

"అయ్యో పాపం. వయసెంత?"

"నా వయసే ఉంటుంది."

"ఒళ్లు?"

"దాదాపు నా అంతే."

"గర్విష్ఠా?"

అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు. "మర్యాదస్థుడు."

"అయితే కొంచెం కష్టమే. సరే, మీ అంతే అన్నారుగా, అలా నిలబడండి." ఆవిడ కొలత టేపు తీసింది. "పొట్ట లోపలికి లాగకండి. ఆయన రోజంతా పొట్ట బిగబట్టుకునే తిరుగుతాడా ఏంటి?"

అధ్యక్షులవారు చాలా ఏళ్ల తరవాత పొట్ట వదిలారు.

"నడుమొక్కటే కాదు, తొడ కూడా కొలవాలి. ఎలాస్టిక్ కిందికి రెండు వేళ్లు దూరాలి. వేలు దూరకపోతే ఒరుస్తుంది, చెయ్యే దూరితే కారుతుంది. లోపలి గుడ్డ అంచు కవరు దాటి రాకూడదు. వచ్చిందా, దీపం వత్తిలా తడినంతా బయటికి లాగేస్తుంది. ఉతికేముందు అంటుకునే పట్టీలు మూసెయ్యండి, లేకపోతే నూలుపోగులన్నీ పట్టుకుంటాయి. గోరువెచ్చటి నీళ్లు చాలు. సువాసనలూ వద్దు, హీటరూ వద్దు. నేనూ మొదటి కవరు అలాగే కాల్చుకున్నాను. నీడపట్టున గాలికి ఆరెయ్యాలి."

"బీరువాలో..."

"బీరువాలో గాలుంటుందా అధ్యక్షులుగారూ? మీ ఉత్తర్వు వల్ల వీధి గాలి కూడా దొరకట్లేదులెండి."

ఆయన తల దించుకున్నారు. మెల్లగా అడిగారు. "మీకు సిగ్గనిపించదా?"

"మొదటి ఏడాది అనిపించింది. ఇంట్లోంచి కదల్లేదు. సిగ్గు ఆరేదాకా కూర్చుంటే ఆ కాస్త ప్రాణం కూడా పోయేలా ఉంది. గుడ్డ ఆరబెట్టుకోవడం తేలికనిపించింది." ఆవిడ మిఠాయి నోట్లో వేసుకుంది. "మీ పరిచయస్తుడివి కూడా తెచ్చి నా దండెం మీద వెయ్యండి. నా పరువుకి కొత్తగా తడిసేదేముంది?"

వృద్ధుల గౌరవ దినం నాడు అధ్యక్షులవారు వేదికెక్కారు. కొలత సరిపోయిన కవరు మనిషికి ఎంత వాగ్ధాటినిస్తుందో ఆ రోజే మాకు తెలిసింది. "నాగరికతకు పునాది నిగ్రహము! నిగ్రహమే మన పేట సంపద!" అని మొదలుపెట్టి, రేవు చరిత్ర, తన బాల్యం, సుంకాల సంస్కరణలు మీదుగా సాగిపోయారు. దారిలో ఆ పోయిన స్నేహితుణ్ణి తలుచుకుని కళ్లు తుడుచుకున్నారు. మేమంతా చాపల మీద మోకాళ్లు మడిచి కూర్చుని, అప్పటికే పోసిన గ్రీన్ టీ కడుపులో మోస్తూ, అటూ ఇటూ ఊగుతున్నాం. శ్రోతలు చలించిపోయారని వారు రెట్టించి మాట్లాడారు. మధ్యలో లేవడం మా పేట ఆచారం కాదు.

ఉపన్యాసం ముగిసింది. ఎవరూ లేవలేదు. పక్కవాళ్లు ముందు లేచి వెళితే తాము లేద్దామని ప్రతివాళ్లూ కూర్చున్నారు. దీపాలార్పే వేళయ్యేదాకా హాలు నిండుగానే ఉంది. "సభికులు భావోద్వేగంతో లేవలేకపోయారు" అని ఉపాధ్యక్షులు సెకిగుచి గారు సంఘం నివేదికలో రాశారు. చాపలు మాత్రం కొత్తవి వేయించాల్సి వచ్చింది.

మరుసటి వారంనుంచి ఓరిబె గారి పెరటి గుమ్మం దగ్గర రద్దీ మొదలైంది. మా పేటవాళ్లకు ఇంతమంది పరిచయస్తులున్నారని ఎవరికీ తెలియదు. దూరపు ఊళ్లో ఉన్న మా మేనత్త కొడుకు పని మీద నేనూ వెళ్లాను. ఆవిడ అందరినీ కొలిచింది, అందరికీ చెప్పింది, అందరివీ ఆరేసుకోనిచ్చింది. త్వరలోనే పెరట్లో దండేలు పెరిగాయి. గళ్లవి, చారలవి, వంశచిహ్నం కుట్టించుకున్నది కూడా ఒకటి, సముద్రపు గాలికి రెపరెపలాడాయి.

ఆ దృశ్యం చూసి పేట చలించింది. ఒక్క ఒంటరి ఆడమనిషికి ఇంత తీవ్రమైన జబ్బా! సంఘం అత్యవసరంగా సమావేశమై, ఆవిణ్ణి పరామర్శించాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. రిబ్బను కట్టిన ఖరీదైన కర్బూజా పండుతో అందరం వెళ్లాం.

సెకిగుచి గారు సానుభూతి సందేశం చదివారు. "ఓరిబె గారు ఒంటరిగా అనుభవిస్తున్న ఈ వ్యథలో పేట యావత్తూ..." అంటుండగా చినుకులు మొదలయ్యాయి.

"పండుకి చాలా థ్యాంక్స్," అంది ఓరిబె గారు. "వానొస్తోంది. ఎవరివి వాళ్లు తీసుకోండి."

ఎవరూ కదల్లేదు. గొడుగులు విప్పుకుని ఎంతో మర్యాదగా ఆకాశం వైపు చూశాం. వాన జోరందుకుంది.

అప్పుడు నుకాదా తెయిజో గారు గొడుగు పక్కన పెట్టి ముందుకు నడిచారు. దండెం మీదినుంచి బూడిదరంగు కవరొకటి తీసి, మా అందరి ఎదుటా పట్టుకున్నారు. "ఇది నాది," అన్నారు. "పరిచయస్తుడెవరూ లేడు. నాదే."

సెకిగుచి గారు ముందుగా తేరుకున్నారు.

"చూశారా!" అని ఎలుగెత్తారు. "ఒక నిస్సహాయురాలి అవమానాన్ని అధ్యక్షులవారు తమ నెత్తిన వేసుకున్నారు! ఎంత త్యాగం! ఎంత ఔదార్యం!"

మా కళ్లు చెమర్చాయి. "కాదయ్యా, నిజంగా నాదే!" అని వారు అరుస్తూనే ఉన్నారు, మేం చప్పట్లు కొడుతూనే ఉన్నాం. ఆ తరవాత వారిని గొడుగుల కింద ఊరేగింపుగా ఇంటికి చేర్చాం.

మిగతా కవర్లన్నీ దండేల మీద తడుస్తూ ఉండిపోయాయి. ఎవరివో, పాపం.