పైరవీ చదువు

ఆ మంగళవారం మునీరాకు పని ఒక్కటే: ఒంటిగంటలోపు స్టడీ సెంటర్‌కు పోయి ఓపెన్ డిగ్రీ ఫారం ఇవ్వడం. ఆఖరి తేదీ అదే. ఇంటర్‌తోనే పెళ్లయి, చదువు ఆగి ఆరేళ్లు. నాలుగేళ్ల కూతురు ఫరీహా చెవి మిషన్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి చెవులు వినపడని పిల్లల తల్లుల సంఘంలో చేరింది. సంఘాల తరఫున సర్కారుతో మాట్లాడి రూల్స్ మార్పించే ఉద్యోగం ఒకటుందని, దాన్ని లాబీయింగ్ అంటారని అక్కడే తెలిసింది. భర్త ఇజాజ్ కంప్యూటర్ కోర్సు అన్నాడు. అత్త జైనబ్ బీ టీచర్ ట్రైనింగ్ అంది. మునీరా మాత్రం రాజనీతి శాస్త్రం, ప్రభుత్వ పాలన ఉన్న బి.ఏ. ఎంచుకుంది.

దాంతో ఏం కొలువొస్తుందని పొద్దున టీ దగ్గర అత్త అడిగింది. లాబీయింగ్ అన్న మాట ఆమెకు నోరు తిరగలేదు. ఫారం మీద ఫొటో అంటిస్తున్న మునీరా తొందరలో, "పైరవీ అనుకో అత్తమ్మా" అనేసింది.

జైనబ్ బీ పాల ప్యాకెట్‌కు పోయి వచ్చేలోపు గల్లీ అంతా చెప్పేసింది. "మా కోడలు పైరవీ చదువు చదువుతది. సర్కారే సర్టిఫికెట్ ఇస్తదట."

చాటుగా నడిచే పనికి సర్టిఫికెట్ కూడా ఉందంటే ఎవరు ఊరుకుంటారు? పక్కింటి చంద్రవ్వ ఆగిపోయిన పింఛను కాగితం తెచ్చింది. ఎదురింటి స్వరాజ్యం రేషన్ కార్డు తెచ్చింది. అందులో ఆమె భర్తను ఆడమనిషిగా రాశారు. పదింటికల్లా గడపలో ఏడుగురు ఆడవాళ్లు. తనకింకా ఏమీ రాదని మునీరా చెప్పేకొద్దీ, పెద్ద పైరవీకారులు అట్లనే అంటారని వాళ్ల నమ్మకం ముదిరింది. పైరవీ ఆఫీసు అదేననుకుని రెండు ఆటోల్లో స్టడీ సెంటర్ దాకా వెంటే వచ్చారు.

కౌంటర్‌లో క్లర్కు సతీశ్ కాగితాలు తిప్పి చూశాడు. ఇంటర్ మార్కుల మెమోలో మునీరా బేగం, ఆధార్‌లో ఉత్త మునీరా.

"ఇద్దరు మనుషులైతున్నరు మేడం. అఫిడవిట్ చేయించుకొని వచ్చే ఏడు రాండ్రి."

ఇంట్లో ఈసారికే కష్టం మీద ఒప్పుకున్నారు. వచ్చే ఏడు ఎవరు ఒప్పుకుంటారు? ఈలోగా చంద్రవ్వ కౌంటర్ మీద మోచేతులు ఆనించింది.

"ఒక్కతేనో ఇద్దరో నీకేం తెలుసు కొడుకా? పెండ్లై వచ్చినకాడికెల్లి రోజూ చూస్తున్న. ఒక్కతే. రాసుకో."

రూల్ ఒప్పుకోదన్నాడు సతీశ్. రూల్ అన్న మాట వినగానే మునీరాకు గొంతు వచ్చింది. చెవి మిషన్ కోసం తిరిగిన రెండేళ్లలో ఆమె వినని రూల్ లేదు.

"సార్, గా రూల్ రాసున్న కాగితం చూపియ్యిండ్రి."

మా పైరవీకారమ్మకు చూపించేదాకా కదలమని ఏడుగురూ కౌంటర్ ముందు నేల మీద చతికిలబడ్డారు. సతీశ్ విసుక్కుంటూ రూల్స్ పుస్తకం తెరిచాడు. వారంలో అఫిడవిట్ ఇస్తానని రాసిస్తే ఫారం తీసుకోవచ్చని అందులో ఉంది. రెండుసార్లు చదివాడు. అయినా అట్లనే ఉంది. ఒంటిగంటకు రెండు నిమిషాల ముందు ముద్ర కొట్టాడు.

మునీరా రసీదు పట్టుకుని మెట్లు దిగుతుంటే ఏడుగురూ ఊరేగింపులా వెంట నడిచారు. వెనక నుంచి సతీశ్ ఉరికొచ్చి, అటూ ఇటూ చూసి, జేబులోంచి మడత కాగితం తీశాడు.

"మేడం, గజ్వేల్‌కు ట్రాన్స్‌ఫర్... మా ఇల్లు గాడనే. జర మీరొక మాట చెప్తే అయితది."

మునీరాకు క్లాసులు ఇంకా మొదలే కాలేదు.