హైమవతి మట్టిమూకుళ్లు

హైమవతి ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. రైల్వే క్వార్టరు అరుగు మీద ఐదు మట్టిమూకుళ్లను వాలుగా నిలబెట్టాలి. కాలేజీకి వెళ్లి లీలావతి మేడమ్‌ను తీసుకురావాలి. ఆవిడ ముందు మూకుళ్లలో నీళ్లు పోసి చూపించాలి. నాలుగింటిలో నవధాన్యాలు మొలిచి ఉన్నాయి, ఒకదానిలో ఉత్త మట్టే. మొక్కలున్న చోట మట్టి కొట్టుకుపోదని కింద పెట్టిన గాజు గ్లాసుల్లోకి జారిన నీళ్లే చెప్పాలి. ఆమె చదువుతున్న ప్రకృతి వనరుల సంరక్షణ కోర్సులో ఇదే ప్రాక్టికల్ పరీక్ష. ఇందులో తప్పితే చదువు మానిపిస్తానని వర్క్‌షాపులో ఫిట్టరైన తండ్రి నూకయ్య ముందే చెప్పాడు.

చీమలు పట్టకుండా మూకుళ్లకు పసుపు రాసి, ఆమె కాలేజీకి బయలుదేరింది.

పక్కింటి చిలకమ్మ గోడ మీంచి చూసింది. పసుపు రాసిన మూకుళ్లు, వాటిలో నవధాన్యాల మొలకలు! పెళ్లికి ముందు ముత్తైదువలు నీళ్లు పోసే పాలికలు కాక మరేమిటవి?

"ఏటి పిన్నీ, మనవరాలి పెళ్లెట్టుకుని మాకొక్క ముక్క సెప్పనేదు?" అని హైమవతి నాయనమ్మ అప్పలనర్సమ్మను నిలదీసింది.

ఆ ఇంట్లో నాయనమ్మకు ఎవరూ ఏదీ చెప్పరు. కనుక ఆమెకు అనుమానమే రాలేదు. "నాకే సెప్పనేదమ్మా! పిల్లని పంపించెస్తన్నారు కావాల," అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడవసాగింది. చిలకమ్మకు అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది.

వీధిలోని ఆడవాళ్లంతా చెంబులతో వచ్చారు. చిలకమ్మ భర్త ఎర్రయ్య ఆ కబురు వర్క్‌షాపుకు మోసుకుపోయాడు. "ఏటి బావా, గుట్టుగా కానిచ్చెస్తన్నావు? అల్లుడు మనోడు కాడేటి, బెంగాలీ దాదాయేటి?" అనేసరికి నూకయ్య చేతిలోని పానా జారి కింద పడింది.

హైమవతి మేడమ్‌తో రిక్షా దిగేసరికి అరుగు మీద పెళ్లిపాట సాగుతోంది. మూకుళ్లలో నీళ్లు కుమ్మరిస్తున్నారు.

"పొయ్యకత్తా! అది నా పరీక్ష!"

"సిగ్గెందుకే? అందరికీ అయ్యిందే," అంటూ చిలకమ్మ ఇంకో చెంబు పోసింది.

అంతలో నూకయ్య సైకిలు గోడ పక్కన పడేసి దూసుకొచ్చాడు. "ఎవుడే ఆడు? ఎక్కడున్నాడు?"

మేడమ్ మాత్రం వంగి గ్లాసులు చూస్తోంది. ఉత్త మట్టి ఉన్న మూకుడు కింద ఎర్రటి బురద నిండింది. మిగతా వాటి కింద నీళ్లు తేటగా ఉన్నాయి.

"నువ్వయితే గ్లాసెడు పోసి ఊరుకునేదానివి. వీళ్లు వాననే కురిపించారు. అయినా మొలకలు మట్టిని వదల్లేదు. పాసయ్యావమ్మా!" అంది. తర్వాత తండ్రివైపు తిరిగింది. "కొండల్లో నెలరోజుల శిబిరం ఉంది, నూకయ్యగారూ. పంపిస్తారా?"

"అయితే ఇది పెళ్లి కాదేటి?"

"చదువండీ."

"బతికించినారు మేడంగారూ! నెలేటి, రెణ్ణెల్లయినా సదువుకోమనండి!"

మొదలుపెట్టిన ఏడుపును వృథా చేయడం ఇష్టం లేక, అప్పలనర్సమ్మ దాన్నే శిబిరానికి వెళ్లే మనవరాలి కోసం కొనసాగించింది.