నిరుటి ధాన్యం మళ్లీ కొన్న ఉమాపతి గారు

ఇకమీదట ఆమదాలవలస చుట్టుపక్కల రైతుకు నష్టమన్నదే ఉండదని, మా కొనుగోలు కేంద్రం అధికారి ఉమాపతి గారు 2015 డిసెంబరులో మైకులో ప్రకటించారు. నిరుటి అమ్మకాలన్నీ కంప్యూటర్లో పోస్తే, కొత్త రూలు అప్పుడే ఉండి ఉంటే ఏం జరిగేదో చూపించే సాఫ్ట్‌వేర్ వచ్చిందట. దాన్ని బ్యాక్‌టెస్ట్ అంటారట. రూలు ఒక్కటే. ఒక రైతు దగ్గర నలభై బస్తాలకు మించి కొనకూడదు. ఒక్కటి మించినా బేరం మొత్తం వదిలేసి ‘తప్పిన బేరాలు’ జాబితాలో వేస్తుంది.

"వదిలేసినవాళ్లను కూడా మరిచిపోని డిపార్టుమెంటు మాదే!" అన్నారాయన. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. మరిచిపోకపోవడం చిన్న సంగతి కాదు.

మా పక్కింటి అసిరయ్య ముప్పై బస్తాలు బండికెత్తి కేంద్రానికి తెచ్చాడు. అవి అమ్ముడైతే ఊళ్లో ఉంటాడు. లేకపోతే భార్యతో చెన్నై పోయి ఇటుకలు మోస్తాడు. ఆకాశం నల్లగా ఉందని నేను గొడుగు పట్టుకుని తోడు వెళ్లాను.

ఉమాపతి గారు కంప్యూటర్ తెర వైపు చూసి, "నీది తప్పిన బేరమయ్యా" అన్నారు.

"ఏటి బాబూ? ఇంకా తూకమే ఎయ్యనేదు!"

"నిరుడు నలభై ఒకటి తెచ్చావు. పరిమితి దాటింది. కొనలేదు."

"కొన్నారు బాబూ! రసీదు ఉన్నాది. ఆ బియ్యం జనం తినేసినారు కూడా."

"అది బయట. టెస్టులో కొనలేదు."

"పోనీ, ఆ ఎక్కువైన బస్తా ఎనక్కి పట్టుకుపోతాను."

"తినేశారంటున్నావు. ఎలా పట్టుకుపోతావు?"

ఆయన అన్నదీ న్యాయమే. నేను ఆగలేక, "ఈ ఏడు ముప్పయ్యే కదా బాబూ. మబ్బు సూడండి" అన్నాను.

"టెస్టు పూర్తయ్యేదాకా ఈ ఏడాది మొదలవదమ్మా."

మబ్బుకి ఆ సంగతి తెలియదు. మూడు రోజులు కురిసింది. బస్తాల్లో ధాన్యం మొలకెత్తింది. నాలుగో రోజు అసిరయ్య ఫోనుకు మెసేజ్ వస్తే నేనే చదివాను: ‘తప్పిన బేరాలన్నిటిలో మీది అత్యుత్తమం. అభినందనలు.’

"ఇంకోపాలి సదువు పిన్నీ" అన్నాడు. చదివాను.

"నిన్ను మెచ్చుకున్నోడు ఇన్నాళ్లకి దొరికినాడు" అంటూ అతని భార్య అసిరమ్మ గిన్నెలు మూట కట్టింది.

స్టేషన్లో, టిక్కెట్లున్నాయా అని నాలుగుసార్లు అడిగాను.

"ఉన్నాయే పిన్నీ. రెండు నెలల్లో వచ్చెత్తాం" అని అసిరమ్మ ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టింది. రెండు నెలలని చెప్పి వెళ్లినవాళ్లు నాకు ఇదివరకే ముగ్గురున్నారు.

ఏడాది తిరిగింది. తప్పిన బేరాలు సున్నా అని పేపర్లో పడింది. ఆ ఉదయమే ఉమాపతి గారు, నిరుటి అత్యుత్తమ బేరానికి సన్మానమంటూ, శాలువాతో, ఫొటోగ్రాఫరుతో మా వీధికి వచ్చారు.

"అసిరయ్య ఏడమ్మా?"

"సెన్నైలో ఉన్నాడు బాబూ."

"ఈ ఏడు ఎన్ని బస్తాలు తెచ్చాడు?"

"ఒక్కటీ తేనేదు."

"చూశారా! పరిమితి దాటలేదు."

శాలువా తలుపు గడియకు కప్పారు. నన్ను పక్కన నిలబడి నవ్వమన్నారు. తాళం ఫొటోలో బాగా పడాలని, ఫొటోగ్రాఫరు దాని తుప్పును శాలువా అంచుతో తుడిచాడు.