కోడలి ఈల విషయమై అత్యవసర సమావేశం

మా బిల్డింగు నాలుగో అంతస్తులో, నా ఇరవై ఏడో పుట్టినరోజు వెళ్లిన పదకొండో రోజు ఉదయం ఒక దుర్ఘటన జరిగింది. ప్రాణనష్టం లేదు. నేను పెట్టుకున్న లక్ష్యం నెరవేరింది.

పూర్తి బాధ్యత నాదేనని ముందుగానే ఒప్పుకుంటున్నాను. పెళ్లయి నాలుగు నెలలే కావడం, ఇంటి పద్ధతులు ఇంకా ఒంటబట్టకపోవడం, సంతోషం ఎక్కువై ఒళ్లు తెలియకపోవడం కారణాలుగా విచారణలో నమోదయ్యాయి. మూడూ నిజమే. మూడోది మరీ నిజం. ఆ రోజుల్లో పాలు పొంగినా నాకు నవ్వొచ్చేది, గొడుగు మర్చిపోయి తడిసినా నవ్వొచ్చేది. నేను పనిచేసే కళ్లద్దాల దుకాణంలో "ఈ అద్దంతో బాగుందా, ఆ అద్దంతో బాగుందా?" అని అడిగితే, "రెండూ ఒకలాగే ఉన్నాయమ్మా" అని ఎవరైనా అన్నారంటే, "కదా!" అని మురిసిపోయేదాన్ని.

మా అత్తవారింట పుట్టినరోజంటే కేకూ కొవ్వొత్తులూ అనుకుంటే పొరపాటు. అవి ఉపోద్ఘాతం. కేకు కోసిన చెయ్యి తుడుచుకునేలోగా మామగారు తీర్మానాల పుస్తకం తెరుస్తారు. పుట్టినవారు లేచి నిలబడి, గడిచిన ఏడాదిని సమీక్షించుకుని, రాబోయే ఏడాదికి ఒక వ్యక్తిగత లక్ష్యం ప్రకటించాలి. పిలుపందుకుని వచ్చిన బిల్డింగు పెద్దలు చప్పట్లు కొట్టాలి. మామగారు నీటి సరఫరా శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి విరమించారు. ప్రకటించిన పథకానికి మించిన పథకం లేదన్న సత్యాన్ని ఆయన అక్కడే గ్రహించారు.

ఈ పద్ధతి వల్ల కుటుంబం సాధించిన ప్రగతి అంతా ఇంతా కాదు. మామగారి లక్ష్యం ఆత్మకథ రాయడం. పందొమ్మిదేళ్లుగా లక్ష్యంలో ఒక్క అక్షరం మారలేదు. ఆత్మకథలోనూ అంతే. కిటికీ పక్కన బల్ల, నడుం నొప్పి రాని కుర్చీ, ఏడు పెన్నులు సిద్ధంగా ఉన్నాయి. ప్రస్తుతం ఆయన అంకితం పేజీలో ఉన్నారు. అది ఎవరికో ఇంకా తేలలేదు కాబట్టి బిల్డింగులో అందరూ ఆయనతో చాలా మర్యాదగా ఉంటారు, "రచయితగారూ" అనే పిలుస్తారు. కిందటేడు పక్కవీధి గ్రంథాలయంలో వర్ధమాన రచయితలకు సలహాలిస్తూ ఆయన గంటన్నర మాట్లాడారు.

అత్తగారిది పన్నెండేళ్ల వయొలిన్. అంటే, నేర్చుకుంటానన్న మాటకి పన్నెండేళ్లు. మరిది బ్యాంకు ఉద్యోగి. తెల్లవారి ఐదింటికి లేవాలన్నది అతని సంకల్పం. తలగడ చుట్టూ నాలుగు అలారాలు పెట్టుకుంటాడు. నాలుగూ మోగుతాయి. అతను తప్ప ఇంటిల్లిపాదీ ఐదింటికి లేస్తాం. ఒక్కడి సంకల్పబలంతో నలుగురు బాగుపడ్డ ఉదాహరణ మీకు మరోచోట దొరకదు.

ఇక మా ఆయన. లిఫ్టులు బాగుచేసే ఇంజనీరు. ఎనిమిదేళ్లుగా ఈత నేర్చుకోబోతున్నారు. రబ్బరు టోపీ ఉంది, నీళ్లలో పెట్టుకునే కళ్లద్దాలున్నాయి. ఆ కళ్లద్దాలు పెట్టుకుని ఉల్లిపాయలు తరుగుతారు. పెళ్లయిన మూడో రోజున వంటింటి గుమ్మంలో నిలబడి ఆ దృశ్యం చూసి, నేను సరైన మనిషినే చేసుకున్నానని ధ్రువీకరించుకున్నాను.

ఇలాంటి సాధకుల మధ్య నా వంతు వచ్చేసరికి నా నోటినిండా కేకుంది.

"చెప్పమ్మా, ఈ ఏడాది ఏం సాధిద్దామని?" అన్నారు మామగారు, పెన్ను మూత తీసి.

నాకు చిన్నప్పట్నుంచీ ఈల రాదు. అన్నయ్యలిద్దరూ మేడ మీద నిలబడి వేస్తుంటే నేను పక్కన చేరి గాలి ఊదేదాన్ని. "వేడి టీ ఉందేమిటే అక్కడ?" అని ఏడిపించేవాళ్లు. ఆ సంగతి ఆ క్షణాన ఎందుకు గుర్తొచ్చిందో తెలియదు.

"ఈల వేయడం నేర్చుకుంటానండీ" అన్నాను. కేకు పొడి కాస్త తీర్మానాల పుస్తకం మీద పడింది.

చప్పట్లు మోగాయి. పై అంతస్తు పళ్ల డాక్టరుగారు లేచి ప్రసంగించారు. "లక్ష్యం చిన్నదా పెద్దదా అన్నది కాదు ముఖ్యం. ఉండటం ముఖ్యం! నేటి యువతకు లక్ష్యం లేదు. ఈ అమ్మాయికి ఉంది. దంతాలకూ ఈలకూ ఉన్న అవినాభావ సంబంధం దృష్ట్యా నా సహకారం ఎల్లవేళలా ఉంటుంది!" చాక్లెట్లు మానేయాలన్నది డాక్టరుగారి లక్ష్యం. ఆరేళ్లుగా పట్టుదలగా ఉన్నారు. ప్రసంగమంతా ఆయన జేబులో రంగు కాగితాలు గలగలలాడుతూనే ఉన్నాయి. రోజుకో గంట మౌనం పాటిస్తానని ప్రతిజ్ఞ చేసిన కింది అంతస్తు ప్లీడరుగారు, మౌనం గొప్పతనం గురించి ముప్పావుగంట మాట్లాడారు.

ఇక్కడే నేను తప్పు చేశాను. మర్నాటి నుంచి సాధన మొదలుపెట్టాను.

ఎవరూ వద్దని చెప్పలేదు. ఇంత తేలికైన విషయం కోడలికి చెప్పాల్సి వస్తుందని ఎవరూ ఊహించలేదు. బస్‌స్టాపుకి నడుస్తూ ఊదాను. దుకాణంలో ముసలాయన గోడ మీది అక్షరాలు కూడబలుక్కుంటుంటే ఆయన వెనక నిలబడి ఊదాను. నాలుక కింది పళ్లకి ఆనించి, పెదాలు సున్నా చుట్టి, ఊపిరి కాస్త బిగబట్టి వదిలితే ఏదో కదులుతోందని ఏడో రోజుకి తెలిసింది. పదకొండో రోజు ఉదయం బాల్కనీలో తడి దుప్పటి దులిపి తీగ మీద వేస్తూ యథాప్రకారం ఊదాను.

వచ్చింది.

కొత్త కత్తిలా నిటారుగా వచ్చింది. పిట్టగోడ మీది రెండు పావురాలు లేచిపోయాయి. కింద టాక్సీ ఒకటి ఆగి, డ్రైవరు తల బయటపెట్టి పైకి చూశాడు. "మిమ్మల్ని కాదండీ! వెళ్లండి, వెళ్లండి!" అని అరిచి, దుప్పటి సగం తీగ మీద, సగం నా భుజం మీద ఉండగానే హాల్లోకి పరిగెత్తి, అందరి ముందూ మళ్లీ వేశాను.

లోపలి గదిలో మరిది నిద్ర లేచాడు. నాలుగు అలారాలకు సాధ్యం కానిది అలా సాధ్యమైంది, కానీ ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

మామగారు కళ్లజోడు తీశారు. "ఏమిటమ్మాయ్ ఇది?"

"వచ్చేసిందండీ మామయ్యగారూ!"

"ఏడాదికి కదా పెట్టుకున్నావు?"

"అవునండీ."

"ఇంకా మూడువందల యాభై నాలుగు రోజులున్నాయి కదమ్మా. వాటినేం చేస్తావు?"

మళ్లీ ఈల వేద్దామనిపించింది గానీ, ఆయన మొహం చూసి దుప్పటి ఆరేయడానికి వెళ్లిపోయాను.

సాయంత్రానికి వార్త ఆరు అంతస్తులకూ పాకింది. పరిణామాలు తీవ్రంగా ఉన్నాయి. పై అంతస్తులో డాక్టరుగారి భార్య, "నాలుగు నెలల కోడలికి పదకొండు రోజుల్లో వచ్చింది, మీకేం రోగం?" అని భర్త జేబులు వెతికిందట. ప్లీడరుగారిని ఇంట్లోవాళ్లు నిజంగానే గంటసేపు మాట్లాడనివ్వలేదట. లిఫ్టులో ఎవరో మామగారిని "రచయితగారూ, పుస్తకం ఎప్పుడొస్తోంది?" అని అడిగారు. పందొమ్మిదేళ్లలో ఆ ప్రశ్న ఎదురవడం అదే మొదటిసారి. ఆయన ఇంటికొచ్చి, మంచినీళ్లు తాగి, ఫ్రిజ్ తలుపుకి నోటీసు అంటించారు: కోడలి ఈల విషయమై ఆదివారం ఉదయం పదింటికి అత్యవసర సమావేశం. బిస్కెట్లు ఇవ్వబడును.

మామగారి ప్రతిపాదన సరళమైనది. ఈల వచ్చిందన్న వాదనను నేను ఉపసంహరించుకోవాలి. పుస్తకంలో 'ప్రయత్నం కొనసాగుతోంది' అని రాసుకోవాలి. అందుకు ఒప్పుకుంటే ఇంట్లోనూ బయటా నేను నోరు సున్నా చుట్టకూడదు. ఒప్పుకోకపోతే, ఒక కుటుంబం పరువు, ఆరు అంతస్తుల శాంతి నా పెదాల మీద ఆధారపడి ఉంటాయి. ఇరవయ్యేళ్లు ఎదురుచూసి తెచ్చుకున్న ఈల. పదకొండు రోజులు ఊది సంపాదించింది. దాన్ని వదులుకోవడమంటే నాకు నిజంగానే గుండెలో కలుక్కుమంది.

శుక్రవారం మా ఆయన రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఆపేశారు. అది ఆయనకి వృత్తిరీత్యా చేతనవును. మా ఇంట్లో ఏకాంతం అక్కడే దొరుకుతుంది.

"ఒకసారి వెయ్యి" అన్నారు.

వేశాను. ఆ ఇనుప పెట్టెలో అది పైదాకా వెళ్లి కిందికి వచ్చింది. ఆయన మొహం దీపంలా వెలిగింది, వెంటనే ఆరిపోయింది.

"ఏంటండీ?"

"నువ్వు మానేస్తే నాకు బాధ."

"మానెయ్యను."

"మానెయ్యకపోతే నాకు ఈత."

ఇద్దరం నవ్వు ఆపుకోలేక గోడలకి చేరగిలబడ్డాం. పైనుంచి ఎవరో లిఫ్టు తలుపు బాదుతున్నా నవ్వుతూనే ఉన్నాం.

శనివారం మధ్యాహ్నం మగవాళ్లు లేని సమయంలో అత్తగారు వీధి తలుపు గడియ పెట్టారు. కిటికీలు మూశారు. చివాట్లు పడతాయనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆవిడ మంచం కింది నుంచి పెట్టె లాగి, వయొలిన్ తీసి, గడ్డం కింద పెట్టుకుని వాయించారు.

కట్టుకున్న చేతులు విప్పేసి, ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని విన్నాను. అంత బాగుంది. ఒక్క తీగ తడబడలేదు. కమాను పట్టిన ఆ చెయ్యేనా రోజూ నాకు కాఫీ అందించేది!

"అత్తయ్యా! ఎప్పుడొచ్చింది మీకు?"

"పదేళ్లయింది. మెల్లగా మాట్లాడు."

"మరి చెప్పలేదేం?"

ఆవిడ కమాను కొస గుడ్డతో తుడుస్తూ, "పిచ్చిపిల్లా, నేర్చుకుంటున్నానంటే నలుగురూ మెచ్చుకుంటారు. వచ్చేసిందంటే, ఏదీ వాయించమంటారు. వాయించామా, ఇక వంకలే వంకలు. రెండేళ్లు చచ్చీ చెడీ నేర్చుకున్నది పళ్ల డాక్టరు చేత వంకలు పెట్టించుకోవడానికా?" అన్నారు. తరువాత చాలా మామూలుగా, "నాలుక ఎక్కడ పెడతావే?" అని అడిగారు.

చూపించాను. ఆవిడకి గాలి మాత్రమే వచ్చింది. "వేడి టీ" అన్నాను. నా వీపు మీద ఒకటి పడింది.

ఆదివారం హాలు నిండింది. మామగారు విషయం ప్రవేశపెట్టారు. డాక్టరుగారు నా నోట్లో టార్చి వేసి చూసి, ముందుపళ్ల మధ్య సందు ఉందనీ, కాబట్టి ఇది సాంకేతికంగా ఈల కాదు, ఊపిరి లీకేజీ మాత్రమేననీ నిర్ధారించారు. "లీకేజీ గురించి నాకు చెప్పకండి," అన్నారు మామగారు కొంచెం నొచ్చుకుని, "ముప్పై నాలుగేళ్ల అనుభవం. ఇది లీకేజీ కాదు, ప్రవాహమే. అదే బాధ." ప్లీడరుగారు లేచి, సంకల్పానికి ఏడాది గడువిచ్చి పదకొండు రోజుల్లో నెరవేర్చడం గడువు ఉల్లంఘన కిందికే వస్తుందని వాదించారు. ఆలస్యం ఒక్కటే ఉల్లంఘన అనుకోవడం పామర భ్రమ అన్నారు.

"వదిన వేసింది, నేను విన్నాను" అన్నాడు మరిది. "నువ్వు నిద్రలో ఉన్నావు, నీ సాక్ష్యం చెల్లదు" అన్నారు ప్లీడరుగారు.

నేను లేచాను. ఉపసంహరించుకోనని చెప్పడానికే లేచాను. మా ఆయన నా వైపు చూస్తున్నారు.

"నాకు ఈల వచ్చండీ" అన్నాను.

"అయితే వెయ్యమ్మా" అన్నారు డాక్టరుగారు, వెనక్కి ఆనుకుని.

వేశాను. బాల్కనీలో వేసినంత బాగా వేశాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"సన్నగా ఉంది కదూ?" అంది డాక్టరుగారి భార్య. "మా చెల్లెలి మొగుడు వేస్తాడు, నాలుగు వీధులు వినిపిస్తుంది." "చివర్లో వణికింది." "రెండు వేళ్లు పెట్టి వేస్తేనే ఈల అండీ, ఇది కూనిరాగం." "మా కుక్కర్ నయం." అంతదాకా ఈల అంటే ఏమిటో పట్టని వాళ్లంతా ఒక్క నిమిషంలో నిపుణులైపోయారు. నేను అత్తగారి వైపు చూశాను. ఆవిడ బిస్కెట్లు ప్లేటులో గుండ్రంగా సర్దుతున్నారు. తల ఎత్తలేదు.

గొంతు సవరించుకున్నాను. "నిజమేనండీ. నాకింకా రాలేదు. వచ్చే పుట్టినరోజులోగా రెండు వేళ్లతో వేయడం నేర్చుకుంటాను" అన్నాను.

ఆ చప్పట్లు మీరు వినాల్సింది! డాక్టరుగారు లేచి నిలబడి కొట్టారు. మామగారు తృప్తిగా 'ప్రయత్నం కొనసాగుతోంది' అని రాసి కింద గీత గీశారు. మా ఆయన ఎనిమిదేళ్లు చిన్నవారైపోయారు. ప్లీడరుగారు నన్ను పట్టుదలకు ప్రతిరూపమన్నారు. వచ్చే నెల మహిళల సమావేశంలో నేను 'లక్ష్యం వైపు నా ప్రయాణం' అనే అంశం మీద మాట్లాడాలని అప్పటికప్పుడు నిర్ణయించారు. నిజం దాచడమెందుకు, ఈల వచ్చిన రోజు కూడా నాకంత ఆనందం కలగలేదు.

రెండు వేళ్ల ఈల నాలుగు రోజుల్లో వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. శనివారాలు గడియ పెట్టుకుని అత్తగారు వాయిస్తారు, నేను ఈల వేస్తాను. తలుపు చప్పుడైతే ఇద్దరం కూరగాయల ముందు కూర్చుంటాం. ఈ మధ్య మా ఆయన గురువారాలు తడి తలతో ఇంటికొస్తున్నారు. లిఫ్టు గుంతలో నీళ్లు చేరాయంటారు. ఆ నీళ్లకి క్లోరిన్ వాసన ఎందుకొస్తుందని నేను అడగను. మంచి కుటుంబాల్లో ఒకరి దొంగతనం ఒకరు బయటపెట్టరు.

ఇంతసేపూ చదివిన మీరు కూడా, ఎన్నాళ్లుగానో వాయిదా పడుతున్నదేదో ఈ ఏడాదైనా మొదలుపెట్టాలని ఈపాటికి నిశ్చయించుకునే ఉంటారు. మా బిల్డింగు తరఫున హృదయపూర్వక అభినందనలు. అంతటితో ఆపండి.