గడప ముందు ఏడు జతలు

ఇటు రా, ఇంకా దగ్గరికి జరుగు. ఆ చేట పక్కన పెట్టి కూర్చో. గొంతు పెంచి చెప్పే సంగతి కాదిది.

బొల్లారంలో రోసమ్మ అని ఒకావిడ ఉండేది. మిలిటరీ బ్యాండులో బాకా ఊదిన సామ్యూల్ భార్య. ఆయన పోయి అప్పటికి ఆరేళ్ళు. పిల్లలు లేరు. వరుసగా పన్నెండు పెంకుటిళ్ళున్న వీధిలో ఆమెది చివరిది. మూడు గదులు, ముందు వసారా, వెనకాల బావి. ఆ మూడింటిలో రెండు గదుల తలుపులు శనివారం ఊడ్చడానికి తెరిచేది, ఊడ్చాక మళ్ళీ మూసేది. అంతకుమించి ఆ గదులతో ఆమెకు పని లేదు.

ఆ రోజు పొద్దున ఆమె పెట్టుకున్న పని కూడా చిన్నదే. గడప ముందున్న చెప్పులన్నీ ఎండలో ఆరబెట్టి, దులిపి, సామ్యూల్ బూట్లకు పాలిష్ వేయాలి. ఒంటరిదాని గడప ముందు అన్ని చెప్పులేమిటంటావా, అక్కడికే వస్తున్నాను.

పోలీస్ యాక్షన్‌కు ముందటి ఎండాకాలంలో రజాకార్ల భయానికి వీధిలో సగం ఇళ్ళు తాళాలు వేసుకుని రైలెక్కాయి. రోసమ్మ ఎక్కలేదు. ఎక్కితే ఎక్కడ దిగాలో తెలియదు కనుక ఎక్కలేదు. పక్కింటి కమలాబాయి షోలాపూర్‌లో అన్న ఇంటికి పోతూ పోతూ ఒక ఉపాయం చెప్పింది. "రోసక్కా, గడప ముంగట మగోళ్ళ చెప్పులు పెట్టుకో. చూసెటోడు ఇంట్ల మంది ఉన్నరనుకుంటడు. ఎవరడిగినా ఒక్కదాన్నే ఉన్న అని మాత్రం అనకు."

రోసమ్మ మొదట సామ్యూల్ బూట్లు పెట్టింది. తరవాత ఊరు విడిచిన వాళ్ళు వసారాల్లో వదిలేసిన వాటిలోంచి ఐదు జతలు ఏరుకొచ్చింది. ఆరు జతలు మగవాళ్ళవి, ఒకటి తనది. రోజూ తెల్లవారగానే వాటిని అటూ ఇటూ మార్చేది. ఒకదాన్ని తిరగేసేది, ఒకదానికి బావి దగ్గరి బురద పూసేది, బయట తిరిగొచ్చినట్టు. కొన్నాళ్ళకు చెప్పుల మనుషులు ఆమెకు తెలిసిపోయారు. ఎడమ మడమ అరిగినవాడు తొందరపాటు మనిషి. తోలు పట్టీ తెగినవాడు బద్ధకస్తుడు. "గింత బురదతోని ఇంట్లకొస్తవా?" అని తనే పూసిన బురదకు తనే కోప్పడేది.

పోలీస్ యాక్షన్ అయి నాలుగు నెలలైంది. భయం పోయింది. కమలాబాయి ఇంకా తిరిగి రాలేదు. రోసమ్మ ఒకరోజు చెప్పులన్నీ తీసి సంచిలో వేసింది. సామ్యూల్‌ను సమాధి చేసొచ్చిన సాయంత్రం, వచ్చిన వాళ్ళందరూ ఎవరి చెప్పులు వాళ్ళు తొడుక్కుని వెళ్ళిపోయాక గడప ఎట్లా ఉందో, అట్లాగే కనిపించింది. గంటలోపే మళ్ళీ తెచ్చి పరిచింది.

అదిగో, మొదట చెప్పిన ఆ పొద్దున, అవి ఎండలో ఉండగా భద్రయ్య వచ్చాడు. ఇళ్ళ లెక్కలు చూసే సర్కారు దఫ్తరులో కొత్త ఇన్‌స్పెక్టరు. చంకలో రిజిస్టరు, చేతిలో కొలత టేపు. గోడలు ఎవరైనా కొలుస్తారు, తాను గడపలు చదువుతానని ఆయనకు కొంచెం గర్వం. వచ్చీ రాగానే వంగి జతలు లెక్కపెట్టాడు.

"ఎంతమంది ఉంటరమ్మా ఇంట్ల?"

కమలాబాయి మాట రోసమ్మ నోట్లోంచి దానంతటదే వచ్చింది. "ఏడుగురం."

"మగోళ్ళు ఏరి?"

"పనికి పోయిండ్రు."

"చెప్పులు ఇడిసిపెట్టి పోయిండ్రా?"

రోసమ్మకు అబద్ధం అలవాటు లేదు. "కాదు నాయనా, రాత్రి డ్యూటీలు. లోపల పండుకున్నరు."

"ఆరుగురూ నీ కొడుకులేనా?"

ఇక్కడ ఆగిపోయింది ఆమె. కడుపు పండని మనిషి, దేవుడు వింటుండగా ఆ ఒక్క మాట అనలేకపోయింది. కాదంది. ఆ పొద్దున ఆమె చెప్పిన నిజం అదొక్కటే. దాంతోనే మునిగింది. భద్రయ్య రిజిస్టరు తెరిచి, ఒక కుటుంబం ఉండాల్సిన ఇంట్లో పరాయి మగవాళ్ళను ఆరుగురిని పెట్టి పర్మిషన్ లేకుండా బస నడుపుతోందని రాశాడు. ఎనిమిది రోజుల్లో వాళ్ళను ఖాళీ చేయించకపోతే ఇంటికి తాళం వేస్తామని కాగితం చేతిలో పెట్టి పోయాడు.

కాగితం ఇంగ్లీషులో ఉంది. రోసమ్మ దాన్ని చర్చి పెద్ద జకర్యా దగ్గరికి పట్టుకుపోయింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని చదివి, రూలు పుట్టుక కూడా చెప్పాడు. ఎప్పుడో ప్లేగు వచ్చినప్పుడు ఆ వరుసలో ఒక్కో ఇంట్లో ముప్పై మంది ఉండేవారట. ఒకే బావి నీళ్ళు, గాలాడని గదులు. వీధికి వీధే పోయింది. అందుకని దొరలు ఇంటికి ఒక్క కుటుంబమని రాసిపెట్టారు. మందిని తగ్గించడానికి పుట్టిన రూలు, చూడు, ఆ వీధి మొత్తంలో మనుషులు లేని ఇంటి మీదే వచ్చి పడింది.

రోసమ్మ అసలు సంగతి చెబుదామని నోరు తెరిచేలోపే జకర్యా అడిగాడు, ఇంట్లో ఆరుగురు మగపిల్లలుండి ఒక్కడూ ఆదివారం చర్చికి రాడేమని. పేర్లు చెబితే ప్రార్థనలో పెడతానన్నాడు. పెద్దమనిషి పెన్సిలు పట్టుకుని ఎదురుగా కూర్చుంటే ఏం చేస్తుంది? చిన్నప్పుడు సండే స్కూల్లో వరుసగా అప్పజెప్పిన బైబిలు అన్నదమ్ముల పేర్లు, రూబేను, షిమ్యోను, లేవి, యూదా అంటూ ఆరూ వల్లించింది. మంచి కుటుంబాల పిల్లల్లాగే ఉన్నారని జకర్యా మెచ్చుకున్నాడు. ఆదివారం అందరి ముందూ ఆ ఆరుగురి నిద్రమత్తు వదలాలని పేరుపేరునా ప్రార్థించాడు. చర్చి మొత్తం వెనక్కి తిరిగి రోసమ్మను చూసింది. ఆరేళ్ళలో అంతమంది ఒక్కసారిగా ఆమె వంక చూడటం అదే మొదటిసారి.

మర్నాటికి రోసమ్మ బస నడుపుతోందన్న మాట స్టేషన్ దాకా పాకింది. సర్కారు మారి పై ఊళ్ళ నుంచి కొలువులకు వచ్చిన వాళ్ళు గదులు దొరక్క తిరుగుతున్న రోజులవి. గుంటూరు నుంచి వచ్చిన దేవానందం అనే బడిపంతులు భార్య ప్రేమమణినీ నలుగురు ఆడపిల్లలనూ వెంటబెట్టుకుని వసారాలో నిలబడ్డాడు.

"అమ్మగారూ, బడి వరండాలో పడుకుంటున్నామండి. ఒక్క గది ఇప్పించండి, మీ పేరు చెప్పుకుంటాం."

చిన్నపిల్ల అప్పటికే చెప్పులు విడిచి, ఆ ఆరు జతల పక్కన తన బుల్లి జత సర్దుకుంది. రోసమ్మ వెనకాల రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. ఖాళీ అంటే ఒంటరిదని తెలుస్తుంది, అబద్ధం బయటపడుతుంది, ఇల్లు పోతుంది. "జాగ లేదు నాయనా" అంది. పిల్ల మళ్ళీ చెప్పులు తొడుక్కుంది. వాళ్ళు సందు మలుపు తిరిగేదాకా రోసమ్మ తలుపు వేయలేదు.

ఇంతలో పాలు పోసే ఎల్లమ్మకు ఒక అనుమానం వచ్చింది. ఏడుగురున్న ఇంటికి పావుసేరు పాలెట్లా సరిపోతాయి? ఆరుగురు మగవాళ్ళు ఒక్కసారన్నా బయటికి రారేం? ఆమె అడగడం ఉత్తగానే అడిగింది. నాలుగిళ్ళు దాటేసరికి ఆ ఆరుగురూ పాలు తాగని వాళ్ళయ్యారు, పది ఇళ్ళు దాటేసరికి దాక్కున్న రజాకార్లయ్యారు.

ఎనిమిదో రోజు పొద్దున భద్రయ్య ఒంటరిగా రాలేదు. వెంట మిలిటరీ హవల్దారు, నలుగురు జవాన్లు, వాళ్ళ వెనక జకర్యా, ఎల్లమ్మ, వీధి మొత్తం, సంగతి విని బడి వరండాలోంచి భార్యాపిల్లలతో వచ్చిన దేవానందం. జవాన్లు ఇంటి చుట్టూ నిలబడ్డారు. భద్రయ్య జకర్యా ఇచ్చిన పేర్ల కాగితం చూసి ఒక్కో పేరూ పిలిచాడు. రూబేను రాలేదు. షిమ్యోను రాలేదు. ఆరుగురిలో ఎవరూ పలకలేదు.

రోసమ్మ గడప మీదికి వచ్చింది. "పిలవకు నాయనా, రారు. లేరు. ఇంట్ల ఎవ్వరు లేరు. నేనొక్కదాన్నే."

ఆరేళ్ళలో ఆ మాట ఆమె పైకి అనడం అదే మొదలు.

హవల్దారు లోపలికి వెళ్ళి చూశాడు. ఒక మంచం. ఒక పళ్ళెం. ఒక గ్లాసు. బయటికి వచ్చి, పాలిష్ వేసిన బూట్ల దగ్గర ఆగి, పక్కకు ఒరిగిన ఎడమ బూటును సరిగ్గా నిలబెట్టి, జవాన్లను తీసుకుని వెళ్ళిపోయాడు.

మిగిలింది భద్రయ్య, ఆయన రిజిస్టరు. లేనివాళ్ళను ఖాళీ చేయించినట్టు ఎట్లా రాయాలో ఆయనకు పాలుపోలేదు. పేజీలు తిప్పుతూ తిప్పుతూ కొత్త సర్కారు పంపిన ఇంకో ఆర్డరు దగ్గర ఆగాడు. ఇళ్ళ కరువు కనుక, వాడకుండా మూసి ఉంచిన గదులు కనిపిస్తే రాసుకుని, ఇల్లు లేని సర్కారు నౌకర్లకు ఇప్పించాలి. అట్లా, మంది ఎక్కువైన నేరం మీద పొద్దున నిలబడిన ఇల్లు, మధ్యాహ్నానికి మంది తక్కువైన నేరం కింద తేలింది.

"రెండు గదులు," అని రాసి, భద్రయ్య గుంపులో ఉన్న దేవానందం వంక చూశాడు.

జకర్యా ఊరుకోలేదు. ఇంటికి ఒక్క కుటుంబమేనన్న రూలు మరి ఏమైనట్టని అడిగాడు. భద్రయ్య పాత పేజీ తీశాడు. కుటుంబం అనే ఉంది, నెత్తురు సంబంధం అని ఎక్కడా లేదు. ఆయన కాసేపు చెవిలో పెన్సిలు తిప్పుకున్నాడు.

"అమ్మా, పొయ్యిలు ఎన్ని పెడ్తరు?"

ప్రేమమణి రోసమ్మ వంక చూసింది. రోసమ్మ ఆ చిన్నపిల్ల కాళ్ళ వంక చూసింది. "ఒక్కటే," అంది.

"మందిని కుక్కొద్దని గద రూలు పెట్టింది. మూడు గదులల్ల ఏడుగురు, ఒక పొయ్యి, ఒక బావి. ఒక్క కుటుంబమే," అని రాసి సంతకం చేశాడు.

ఎత్తుకొచ్చిన ఐదు జతలూ రోసమ్మ ఎల్లమ్మకు ఇచ్చేసింది. నెల తరవాత భద్రయ్య తనిఖీకి వచ్చి, అలవాటుగా వంగి లెక్కపెట్టాడు. "ఏడుగురే గదమ్మా. ఎనిమిది జతలున్నయి?"

"ఆ బూట్లు ఇంటాయనవి," అంది రోసమ్మ.

భద్రయ్య ఆ మాట కూడా రిజిస్టరులో రాసుకుని సంతకం చేశాడు. పిల్లలు నలుగురూ లోపల గోల చేస్తున్నారు. అంత గోలలోనూ రోసమ్మ పొద్దున్నే మొదట చేసే పని ఆ బూట్లకు పాలిష్ వేయడమేనట. అది మాత్రం ఎవరినీ చేయనిచ్చేది కాదు.

ఇది యాదిలో పెట్టుకో బిడ్డా, నీ తరవాతి వాళ్ళకు నువ్వు చెప్పాలి. జతల లెక్క దగ్గర మాత్రం తప్పు పోవద్దు. గడప మీద ఎనిమిది, రిజిస్టరులో ఏడు. రెండూ సరైన లెక్కలేనని భద్రయ్య సంతకం కూడా ఉంది.